వేసవిలో నల్లమల ఎందుకు మోడువారుతుంది? పాలమూరు, నల్గొండ అడవుల రకాలు, వాటిని ఏలే చెట్లు

క్లుప్తంగా

దక్షిణ తెలంగాణలో ప్రధానంగా రెండు రకాల అడవి ఉంది. కృష్ణకు ఆనుకున్న నల్లమల కొండల మీద ఆకురాల్చే అడవి, నల్గొండ, గద్వాల వైపు మైదానాల్లో, గుట్టల మీద ముళ్ల అడవి. ఎంత వాన పడిందన్న దానికన్నా, ఆ నీరు వేళ్లకు ఎన్ని నెలలు అందిందన్నదే ఏ చెట్టు ఎక్కడ నిలుస్తుందో తేలుస్తుంది. ఈ సంగతి తెలియక ఎండాకాలపు మోడును చచ్చిన అడవి అనుకోవడం, ముళ్ల అడవిని పనికిరాని బంజరు అనుకోవడం మామూలైపోయింది. మొక్కలు నాటే పథకాల్లోనూ అదే పొరపాటు జరుగుతోంది.

మన్ననూరు చెక్‌పోస్టుకు అటూ ఇటూ

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సు కల్వకుర్తి దాటి డిండి మీదుగా సాగుతున్నంతసేపూ కిటికీలోంచి దాదాపు అవే చెట్లు కనిపిస్తాయి. పొలం గట్ల మీద వేప, చెరువు కట్ట కింద నల్లతుమ్మ, రోడ్డు పక్కన సర్కారు తుమ్మ, గుండ్ల సందుల్లో సీతాఫలం పొదలు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఘాట్ ఎక్కుతుంటే తుమ్మలు తగ్గిపోతాయి. ఫరహాబాద్ పీఠభూమి చేరేసరికి నల్లమద్ది, చిరుమాను, ఏగిస లాంటి పొడవాటి చెట్లు రెండు పక్కలా నిలబడి ఉంటాయి. అక్కడి నుంచి ఈగలపెంట వైపు కృష్ణ లోయలోకి దిగుతుంటే చెట్లు మళ్లీ పొట్టివవుతాయి, రాయి బయటపడుతుంది, అందుగు, నారేప కనిపిస్తాయి. ఒక పూట ప్రయాణంలో ఇన్ని మార్పులు.

ఏప్రిల్‌లో అదే దారిన వెళ్తే చాలావరకు మోళ్లే. కింద పరుచుకున్న ఎండుటాకులు, అక్కడక్కడ కాలిన నల్లటి మచ్చలు. పులుల అభయారణ్యం అంటే దట్టమైన పచ్చని అడవి ఉంటుందని ఊహించుకుని వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ‘అడవి ఎండిపోయింది, నరికేశారు, ఇక మిగల్లేదు’ అన్న మాటలు ప్రతి వేసవిలో వినిపిస్తాయి. నరికివేత ఉన్న మాట నిజమే. కానీ ఆ మోడుకు, నరికివేతకు సంబంధం లేదు.

‘రకం’ అన్న మాటకు అర్థం

మన దేశపు అడవుల్ని రకాలుగా విడదీసే పద్ధతిని అటవీ అధికారి హెచ్.జి. ఛాంపియన్ 1936లో రూపొందించారు. 1968లో ఎస్.కె. సేఠ్‌తో కలిసి దాన్ని సవరించారు. ఇప్పటికీ ఆ సవరించిన వర్గీకరణే ఆధారం. అందులో మొత్తం 16 పెద్ద వర్గాలున్నాయి. దక్షిణ తెలంగాణకు పనికొచ్చేవి రెండే: ఐదోది ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవి, ఆరోది ఉష్ణమండల ముళ్ల అడవి.

ఆ రెండు వర్గాల లోపల మళ్లీ ఉప రకాలున్నాయి. వాటికి పెట్టిన గుర్తుల్లోనే ఒక ముఖ్యమైన తేడా దాగి ఉంది. కొన్ని రకాలు వాతావరణం వల్ల ఏర్పడినవి, అంటే అక్కడి వానకు, వేడికి తగ్గట్టు సహజంగా నిలిచిన అడవి. కొన్ని నేల వల్ల ఏర్పడినవి. వాన ఒకేలా ఉన్నా కింద రాయి మారితే పైన చెట్టు మారిపోతుంది. నారేప అడవి, అందుగు అడవి ఈ కోవలోకి వస్తాయి. ఇంకొన్ని దిగజారిన దశలు, అంటే నరకడం, మేపడం, తగలబెట్టడం వల్ల పెద్ద చెట్లు పోయి పొదలు మిగిలిన చోట్లు. పైకి చూస్తే రెండు గుట్టలూ ఒకేలా ముళ్ల పొదలతో ఉండవచ్చు. ఒకటి పుట్టుకతోనే ముళ్ల అడవి, రెండోది ఒకప్పటి ఆకురాల్చే అడవికి మిగిలిన అవశేషం. దేనికేం చేయాలన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది. మొదటిదాన్ని అలాగే కాపాడితే చాలు. రెండోదానికి కోలుకునే అవకాశం ఇవ్వాలి.

‘ఏలే చెట్టు’ అంటే ఎక్కువ సంఖ్యలో ఉండి, పైకప్పులో ఎక్కువ చోటు ఆక్రమించి, కింద ఏం పెరగాలో తేల్చే చెట్టు. దాన్ని గుర్తిస్తే అడవి సగం అర్థమైనట్టే.

వాన లెక్క, నేల లెక్క

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాది సగటు వాన దాదాపు 600 మిల్లీమీటర్లు. పాత నల్గొండలో 750 దాకా ఉంటుంది. పాత ఆదిలాబాద్‌లో 1,100 దాటుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలా నీటిని వదిలేసి వస్తాయి. ఆ వాననీడలో నారాయణపేట, మక్తల్, గద్వాల ప్రాంతాలు పడతాయి. అందుకే పాలమూరు అనగానే కరువు, వలస గుర్తుకొచ్చే పరిస్థితి వచ్చింది. అడవి కూడా ఆ వానతోనే బతకాలి.

వాన మొత్తం ఒక్కటే చూస్తే సరిపోదు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది, అక్టోబరులో కొంత. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు చెట్టు దాచుకున్న నీటితో గడపాలి. ఇక్కడి ఎండకు, గాలికి ఏడాదిలో ఆవిరైపోగల నీరు పడే వానకు రెట్టింపు కన్నా ఎక్కువ. బ్యాంకులో వేసేది పది రూపాయలు, తీయడానికి వచ్చేవాళ్లు పాతిక రూపాయలు అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఖాతా మూసుకోవడం ఒక్కటే దారి. చెట్టుకు ఆకులు రాల్చడమంటే అదే.

ఆకు నిండా సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఆవిరిగా పోతూ ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో వేళ్ల చుట్టూ తడి తగ్గుతున్న కొద్దీ చెట్టు ఆకుల్లోని పోషకాలను వెనక్కి లాక్కుని, తొడిమను తెంపేస్తుంది. కాండంలో, వేళ్లలో ఉన్న కొద్దిపాటి నీరు మిగులుతుంది. మోడులా ఉన్న గుంపెన కొమ్మ మీద గోటితో గీకి చూస్తే బెరడు కింద పచ్చగానే ఉంటుంది.

ఇంకో విశేషం ఉంది. వాన పడ్డాక చిగురిస్తాయని అందరూ అనుకుంటారు గానీ, ఈ అడవిలో చాలా చెట్లు రోహిణి కార్తెకు ముందే, ఎండ మండుతుండగానే చిగురు తొడుగుతాయి. ఆకులు రాల్చడం వల్ల మిగిలిన నీరు, లోతు వేళ్లు అందించే కొంచెం తడి అందుకు చాలు. మృగశిరతో మొదటి వాన పడేనాటికి ఆకు సిద్ధంగా ఉంటే, ఉన్న నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా వృథా కాదు. మోదుగ అయితే కాముని పున్నమి నాటికి ఒక్క ఆకూ లేకుండా ఎర్రగా పూస్తుంది. ఆకులు అడ్డు లేకపోతే పువ్వులు దూరం నుంచి పిట్టలకు కనిపిస్తాయి. మోడువారిన అడవి అంటే పని ఆపేసిన అడవి అని అనుకోవడం ఎంత తప్పో మోదుగ ఒక్కటే చెప్పగలదు.

ఇక నేల. నల్గొండలో చాలావరకు గ్రానైటు రాయి. అది చితికితే చల్క, దుబ్బ, మొరం నేలలు వస్తాయి. నీరు తొందరగా ఇంకుతుంది, తొందరగా ఆరిపోతుంది. అమ్రాబాద్ వైపు కొండల మీద అదే గ్రానైటు పైన క్వార్ట్‌జైటు పొరలు పేరుకుని ఉన్నాయి. ఆ రాతిలో పగుళ్లుంటాయి. నీరు వాటిలోంచి లోపలికి జారి, లోతున నిల్వ ఉంటుంది. పొడవాటి తల్లివేరు ఉన్న చెట్టుకు అది వరం. పైపైన వేళ్లు పరుచుకునే చెట్టుకు అక్కడ బతుకు లేదు. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో ఇబ్బంది మరో రకం: ఎండకు నేల పెద్ద పగుళ్లు విచ్చి వేళ్లను తెంపుతుంది. అక్కడ సహజంగా గడ్డి, తుమ్మజాతి ఎక్కువ.

కొండ మీది మిశ్రమ అడవి

నల్లమల పీఠభూమి మీద, లోయల్లో మట్టి కొంచెం లోతుగా ఉన్న చోట శుష్క మిశ్రమ ఆకురాల్చు అడవి ఉంటుంది. ‘మిశ్రమ’ అన్న మాట ఇక్కడ ముఖ్యం. ఆదిలాబాద్ అడవిలో టేకు పెత్తనం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నల్లమలలో టేకు ఉన్నా మొత్తం అడవిని అది ఏలదు. దానికి వాన కాస్త ఎక్కువ కావాలి, నీరు నిలవని లోతైన మట్టి కావాలి. రెండూ కలిసిన లోయల్లో, వాలుల్లో మాత్రమే టేకు గుంపులుగా కనిపిస్తుంది. మిగతా చోట్ల నాలుగైదు జాతులు పంచుకుంటాయి.

తడి కాస్త నిలిచే బంకమట్టి చోట్ల నల్లమద్ది. మొసలి వీపులా పగుళ్లు తేలిన నల్లటి బెరడుతో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఆ మందపాటి బెరడు వల్ల అడవి నిప్పును కూడా తట్టుకుంటుంది. వాలుల మీద, రాయి కలిసిన నేలలో చిరుమాను ఎక్కువ. బూడిద తెలుపు రంగు నున్నటి కాండం, రాలే ముందు ఎర్రబడే ఆకులు దాని గుర్తులు. దాని జిగురుకు మందుల తయారీలో, ఆహార పరిశ్రమలో గిరాకీ ఉంది. వాగుల వెంట తెల్లమద్ది, నేరేడు, కానుగ. వీటికి ఏడాది పొడవునా వేళ్లకు తడి అందుతుంది కాబట్టి ఎండాకాలంలో అడవంతా బోసిగా ఉన్నప్పుడు ఆ వాగు ఒక్కటే పచ్చని గీతలా కనిపిస్తుంది. జంతువులన్నీ ఆ గీత చుట్టూనే చేరతాయి.

ఏగిస గురించి ఒక మాట. దాని బెరడుకు గాటు పెడితే నెత్తురులాంటి ఎర్రని జిగురు కారుతుంది. అది చూసి ఎర్రచందనం అని భ్రమపడేవాళ్లున్నారు. రెండూ ఒకే కుటుంబంలో దగ్గరి చుట్టాలే గానీ, ఎర్రచందనం సొంత ఊరు శేషాచలం, వెలిగొండల వైపు. కృష్ణకు ఇవతల తెలంగాణ అడవిలో అది సహజంగా పెరిగే చెట్టు కాదు. నల్లమల అనగానే ఎర్రచందనం అని రాసే వార్తలు ఈ సంగతి గమనించడం లేదు.

వీటి మధ్య తిండి పెట్టే చెట్లుంటాయి. ఇప్ప, మొర్రి, తునికి, ఉసిరి, కరక్కాయ, తాని. పెంటల్లో, అంటే అడవి లోపలి చిన్న గూడేల్లో ఉండే చెంచుల ఏడాది బతుకంతా ఈ చెట్ల పూత, కాత చుట్టూ తిరుగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, ఆ తర్వాత మొర్రిపండ్లు, తునికిపండ్లు. బయటివాళ్లకు ఎండిపోయినట్టు కనిపించే నెలలే అడవి ఎక్కువ తిండి ఇచ్చే నెలలు కావడం గమనించాల్సిన విషయం.

నారేప: రాయిని చీల్చుకుని దిగే చెట్టు

దక్షిణ తెలంగాణ అడవికి ప్రత్యేకత తెచ్చే చెట్టు ఏదని అడిగితే నారేప అనే చెప్పాలి. నారవేప, నారయేపి అని కూడా పిలుస్తారు. పేరులోనే దాని ఉపయోగం ఉంది: బెరడు నుంచి గట్టి నార వస్తుంది, తాళ్లు పేనుతారు. శాస్త్రీయ నామం హార్డ్‌వికియా బైనాటా. ఆకు రెండు పలకలుగా, సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుంది. వేప అన్న మాట పేరులో ఉన్నా వేపతో దీనికి చుట్టరికం లేదు. ఇది చింత, రేల లాంటి కాయజాతి.

మిగతా చెట్లు వదిలేసిన చోట నారేప నిలుస్తుంది. మట్టి జానెడు లోతు కూడా లేని రాతి నేల, మండే వాలు, తక్కువ వాన. అక్కడ అది ఒంటరిగా కాకుండా గుంపుగా ఉంటుంది. కొన్ని చోట్ల దాదాపు అదొక్కటే అడవిగా కనిపిస్తుంది. ఒక గుట్ట నిండా ఉండి, పక్క గుట్ట మీద ఒక్కటీ లేకపోవడం కూడా మామూలే. అందుకే వర్గీకరణలో దీన్ని నేల వల్ల ఏర్పడిన ప్రత్యేక అడవిగా విడదీశారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మిశ్రమ ఆకురాల్చు అడవి, ముళ్ల అడవితో పాటు లెక్కలోకి వచ్చే మూడో రకం ఈ నారేప అడవే.

దాని కిటుకంతా వేరులో ఉంది. మొలక వచ్చిన మొదటి ఏళ్లలో పైన రెండు మూడు ఆకుల కొమ్మ తప్ప ఏమీ కనిపించదు. ఎండాకాలం వస్తే ఆ కొమ్మ కూడా ఎండిపోతుంది. కింద మాత్రం తల్లివేరు రాతి పగులును వెతుక్కుంటూ దిగిపోతూ ఉంటుంది. వాన పడితే మళ్లీ చిన్న కొమ్మ, మళ్లీ ఎండ, మళ్లీ ఎండిపోవడం. ఇలా కొన్నేళ్లు గడిచి, వేరు లోతు తడిని అందుకున్న తర్వాతే చెట్టు ధైర్యంగా పైకి లేస్తుంది. దాని కలప దేశంలోనే అతి బరువైన వాటిలో ఒకటి. నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. ఎండాకాలంలో ఆకు రాల్చినా త్వరగా కొత్తాకు తొడుగుతుంది కాబట్టి గడ్డి దొరకని రోజుల్లో మేతకు కొమ్మలు నరుకుతారు. కొమ్మ నరికితే తట్టుకుంటుంది. కానీ మొలకను మేక కొరికితే, మళ్లీ మళ్లీ నిప్పు తగిలితే పెద్ద చెట్లు మిగిలి పిల్ల చెట్లు లేని అడవి తయారవుతుంది. పైకి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ముసలివాళ్లే మిగిలి పిల్లలు లేని ఊరు లాంటిది అది.

రాతి గట్ల మీద దీనికి తోడుగా ఉండేవి అందుగు, తబసి. అందుగు బెరడు కాగితపు పొరల్లా ఊడుతుంది. దాని బంకను సాంబ్రాణిలా పొగ వేస్తారు. తబసిది తెల్లటి నున్నని కాండం, వెన్నెల్లో మెరుస్తుంది. తబసి జిగురు చెంచుల ముఖ్యమైన రాబడుల్లో ఒకటి. అయితే గాటు లోతుగా, అదే పనిగా పెడితే చెట్టు చచ్చిపోతుంది. జిగురు ధర పెరిగిన చోటల్లా తబసి తగ్గిపోవడానికి కారణం అదే.

మైదానపు ముళ్ల అడవి

దేవరకొండ, చండూరు, మునుగోడు గుట్టల్ని, వనపర్తి, గద్వాల బీళ్లను చూసి ఇవి అడవులే కావని అనుకోవడం సులువు. పెద్ద చెట్టు లేదు, నీడ లేదు. నిజానికి ఇక్కడ ఒక పూర్తి చెట్ల కుటుంబం ఉంది: చండ్ర, తెల్లతుమ్మ, చిగర, బిల్లుడు, రేగు. వాటి కింద కలివి, పరికి, బలుసు, తంగేడు, బందారు, బొంతజెముడు. ఆకులు చిన్నవి, ముళ్లు ఎక్కువ. చిన్న ఆకు త్వరగా వేడెక్కదు, నీరు తక్కువ పోతుంది. ముల్లు మేత జంతువుల నుంచి కాపాడుతుంది. నీటి కరువున్న చోట పోయిన ఆకును మళ్లీ తయారుచేసుకోవడం చెట్టుకు చాలా ఖర్చు. అందుకే కాపలా మీద ఖర్చు పెడుతుంది.

తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పుష్పం తంగేడు. రెండూ ఎండు నేలల మొక్కలే. బతుకమ్మలో పేర్చే తంగేడు ఈ బీళ్లలో, గుట్టల మీద దొరికేదే. పండగకు తెంపుకొచ్చే పువ్వును గౌరవించి, అది పూసే నేలను ‘ఖాళీ జాగా’ అని రాయడంలో ఒక పొంతనలేనితనం ఉంది.

ఊళ్ల పేర్లు పాత చెట్ల పటంలా పనికొస్తాయి. నల్లమలలో మద్దిమడుగు, గద్వాల పక్కన జమ్మిచేడు, కృష్ణ దగ్గర నేరేడుగొమ్ము, నల్గొండ జిల్లాలో వేములపల్లి, చింతపల్లి, మర్రిగూడ. మద్ది ఉన్నచోట మడుగు ఉండటం, జమ్మి పేరు గద్వాల వైపే కనిపించడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. పేరు ఒక్కటే రుజువు కాదు గానీ, ఒక ఊరి పక్క ఏ చెట్టు సహజమో వెతకడానికి మంచి ఆధారం.

ముళ్ల అడవిలో ఎంత భాగం పుట్టుకతో వచ్చింది, ఎంత భాగం దిగజారింది? మేకలు తినని మొక్కల్ని లెక్కపెడితే కొంత తెలుస్తుంది. సీతాఫలం ఆకును మేక ముట్టదు. తంగేడు, బందారు కూడా పశువులు పెద్దగా తినవు. ఒక గుట్ట మీద ఇవి మాత్రమే మిగిలి, చండ్ర, రేగు, బిల్లుడు కనిపించకపోతే అక్కడ మేత ఒత్తిడి చాలా ఏళ్లుగా ఉందని అర్థం. సీతాఫలం అసలు అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. మన గుట్టల మీద ఎంత కుదురుకుందంటే, పాలమూరు జిల్లాలోని బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన సీతాఫలం రకమే ఉంది. పేదవాళ్లకు నాలుగు రూపాయలు తెచ్చే కాయ కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. కానీ గుట్ట నిండా సీతాఫలం ఉండటం ఆ అడవి ఆరోగ్యానికి గుర్తు కాదు.

నల్లమల కొండల్లో ఇలాంటి పాత్ర కొడిశది. ఆకు విషం, పశువులు దగ్గరికి రావు. మేత, నరికివేత ఎక్కువైన చోట కొడిశ ఒక్కటే పచ్చగా అల్లుకుంటుంది. శాటిలైటు చిత్రంలో అది మంచి అడవిగానే కనిపిస్తుంది.

సర్కారు తుమ్మ, నిప్పు

సర్కారు తుమ్మ కథ వేరు. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. కరువు నేలలో వంటచెరకు కోసం ప్రభుత్వమే ప్రోత్సహించింది కాబట్టి ఆ పేరు. కాయలు తియ్యగా ఉంటాయి, పశువులు తింటాయి, గింజలు అరగకుండా పేడలో పడి మొలుస్తాయి. వేళ్లు లోతుకు దిగుతాయి, నరికితే నాలుగింతల కొమ్మలు వేస్తుంది. దాని కింద గడ్డి మొలవడం కష్టం. చెరువు శిఖాలు, వాగుల ఒడ్లు, బీళ్లు దాని చేతుల్లోకి పోయాయి. వంటచెరకు, బొగ్గు రూపంలో ఎన్నో కుటుంబాలకు అదే ఆధారం కూడా. పూర్తిగా తీసేయాలనడం తేలికే, తీసేస్తే ఆ పొయ్యిల్లోకి ఏం పెట్టాలన్న దానికి జవాబు ముందుగా కావాలి. ముళ్ల అడవినీ సర్కారు తుమ్మ పొదనూ ఒకటిగా చూడటం మాత్రం తప్పు. ఒకటి ఇక్కడ పుట్టిన అడవి, రెండోది దాన్ని మింగుతున్న మొక్క.

నిప్పు విషయంలోనూ సూక్ష్మం ఉంది. ఈ అడవుల్లో కాలేది నేల మీది గడ్డి, ఎండుటాకులు. మద్ది లాంటి మందపాటి బెరడు చెట్లు ఒకసారి మంట తగిలినా బతుకుతాయి. తునికి అయితే కాలిన తర్వాత వేళ్ల నుంచి కొత్త పిలకలు వేస్తుంది. బీడీలకు పనికొచ్చే లేత ఆకు ఆ పిలకలకే వస్తుంది. కొన్ని చోట్ల నిప్పు పెట్టడానికి అదొక కారణం, ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రం చేసుకోవడం మరో కారణం, ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క ఇంకొకటి. ఏటా కాలితే మొలకలు చచ్చిపోయి, పిలకలు వేసే తునికి, మోదుగ లాంటివే పెరుగుతాయి. అంటే ఏలే చెట్టే మారిపోతుంది. ఒక్క వేసవిలో కనిపించని మార్పు ముప్పై ఏళ్లలో కనిపిస్తుంది.

లెక్కల్లో ఎక్కడ తికమక

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి ఇచ్చే నివేదికలో ‘అటవీ కవరు’ అంటే ఒక హెక్టారుకు తగ్గని జాగాలో చెట్ల నీడ కనీసం 10 శాతం ఉండటం. ఆ జాగా ఎవరిదైనా, చెట్టు ఏదైనా ఒకటే. మామిడి తోట, నీలగిరి తోట కూడా అందులోకి వస్తాయి. నీడ 70 శాతం దాటితే చాలా దట్టం, 40 నుంచి 70 అయితే మధ్యస్థం, 10 నుంచి 40 అయితే పలచన. 10 కన్నా తక్కువైతే పొదల నేల, అది అటవీ కవరులోకి రాదు. ఆకురాల్చే అడవి మోడువారక ముందే పట్టుకోవాలని అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య శాటిలైటు చిత్రాలు తీసుకుంటారు. కాబట్టి వేసవి మోడు వల్ల లెక్క తగ్గుతుందన్న అనుమానం అక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ కొలత నీడను చూస్తుంది, జాతిని చూడదు. సహజంగానే చెట్లు దూరదూరంగా ఉండే ముళ్ల అడవి, గడ్డి కలిసిన బీడు ఎప్పుడూ తక్కువ మార్కులే తెచ్చుకుంటాయి. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరంలో తిరిగే కృష్ణజింకలకు కావాల్సింది ఆ బహిరంగ గడ్డినేలే. అక్కడ దట్టంగా మొక్కలు నాటితే కాగితం మీద పచ్చదనం పెరుగుతుంది, జింకలకు చోటు పోతుంది, అవి పంటల మీద పడతాయి.

2015 జూలైలో మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. నర్సరీలు ఊరూరా వచ్చాయి, రోడ్ల పక్క నీడ పెరిగింది. ఇది నిజమైన మేలు. అయితే 33 అన్న అంకె 600 మిల్లీమీటర్ల వాన పడే చోట, 1,100 పడే చోట ఒకేలా అర్థం కాదు. త్వరగా పెరిగి, ఫోటోలో బాగా కనిపించే మొక్కలకే మొగ్గు పడుతుంది. బోరు నీళ్లతో రెండేళ్లు బతికించి, ట్యాంకరు ఆగగానే ఎండిపోయే జాతుల్ని చల్క నేలలో నాటడం ఖర్చు, శ్రమ రెండూ వృథా.

ప్రాజెక్టుల కోసం అడవి పోయినప్పుడు ఇదే ప్రశ్న ఇంకా తీవ్రంగా వస్తుంది. 2016 నాటి చట్టం ప్రకారం అటవీ భూమి మళ్లిస్తే డబ్బు జమ చేసి వేరే చోట వనాలు పెంచాలి. అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు పెద్ద వ్యతిరేకత లేచింది. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. నల్లమల గుండా వెళ్లే శ్రీశైలం రోడ్డును విస్తరించాలా, ఎత్తైన వంతెనలా కట్టాలా అన్న చర్చ ఇప్పుడు ఉంది. ఏ నిర్ణయం తీసుకున్నా, ‘ఇక్కడ పోయిన చెట్లకు బదులు అక్కడ ఇన్ని లక్షల మొక్కలు’ అన్న లెక్కలో రకం అన్న మాట ఉండాలి. నారేప గట్టు పోతే మైదానంలో వేసిన ఏ వనమూ దానికి సాటి రాదు. ఆ రాతి పగుళ్లు, లోపలి నీరు, ఏళ్ల తరబడి దిగిన వేరు మైదానంలో దొరకవు. పైగా ఆ వనం కోసం ఒక ముళ్ల అడవినో, గడ్డి బీడునో దున్నితే ఒకటికి రెండు అడవులు పోయినట్టు.

ఏ నేలలో ఏ మొక్క

దిగజారిన గుట్టల్ని మళ్లీ లేపడానికి అన్నిటికన్నా చవకైన పని కంచె, కాపలా. మేత, నిప్పు మూడు నాలుగేళ్లు ఆపితే నేలలో బతికున్న పాత వేళ్ల నుంచే చాలా చెట్లు లేస్తాయి. తునికి, చిరుమాను, మోదుగ, బిల్లుడు మొద్దుల నుంచి పిలకలు వేస్తాయి. వేళ్లు కూడా మిగలని చోటే నాటాలి. నల్గొండ మొరం గుట్టల మీద చండ్ర, చిగర, బిల్లుడు. గద్వాల వైపు జమ్మి, తెల్లతుమ్మ. వాగు ఒడ్డుకు తెల్లమద్ది, కానుగ, నేరేడు. రాతి వాలుకు నారేప.

ఆ ఆఖరిదాని విషయంలో పర్యవేక్షణ పద్ధతి కూడా మారాలి. నాటిన మొక్క బతికిందా లేదా అన్నది మామూలుగా పైన కనిపించే కొమ్మను చూసి రాస్తారు. నారేప మొదటి వేసవికే పైభాగం ఎండబెట్టుకుంటుంది. మే నెలలో వచ్చి చూసినవాళ్లు ఆ గుంతను ‘చనిపోయింది’ అని రాసి, వానాకాలంలో అక్కడే మరో మొక్క నాటడానికి తవ్వితే, అప్పటికే రాతి పగులులోకి దిగుతున్న వేరు గునపం దెబ్బకు తెగిపోతుంది. వాన పడ్డాక ఒక నెల ఆగి లెక్క తీస్తే చాలు, ఆ గుంతల్లో ఎన్ని బతికున్నాయో రెండు పలకల చిన్న ఆకులే చూపిస్తాయి.